నియువే దేశమా, న్యూజీలాండ్‌లో ఒక దీవా?

అడిగిన ప్రశ్న ఇది: “మా మేనమామ ఒక వెండి నాణెం ఇచ్చారు. ఒకవైపు సింహం బొమ్మ, ఇంకోవైపు ఎలిజబెత్ రాణి. రాణి పక్కన ఎన్, ఐ, యూ, ఈ అని నాలుగు అక్షరాలు, 2 డాలర్లు అని ఉంది. ఐక్యరాజ్యసమితి సభ్యుల జాబితాలో ఈ పేరు లేదు. ఒకచోట ‘న్యూజీలాండ్‌కు చెందిన ద్వీపం’ అంటారు, ఇంకోచోట ‘స్వతంత్ర దేశం’ అంటారు, పాత పటంలో ‘శావేజ్ ఐలాండ్’ అని ఉంది. నా ఆల్బంలో దేశం పేరు దగ్గర ఏం రాయాలి? అసలు దీన్ని ఎలా పలకాలి?”

నాణెం సంగతి చివర్న చెబుతాను. ముందు నా గురించి ఒక్క మాట. మాది అమలాపురం దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళుగా న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఓడ సరుకుల కాగితాలు చూసే ఉద్యోగం. పసిఫిక్ సముద్రంలోని టోంగా, సమోవా, కుక్ ద్వీపాలు, నియువేలకు వెళ్ళే సరుకుల బిల్లులు చాలావరకు నా బల్ల మీదుగానే పోతాయి.

చేరిన మొదటి ఏడాదే మీ ప్రశ్న నాకూ ఎదురైంది. నియువేకి వెళ్ళే సరుకు ఒకటి వచ్చింది. బియ్యం బస్తాలు, డీప్ ఫ్రీజర్, ఉప్పులో ఊరేసిన మాంసం బకెట్లు, ఇంటి పైకప్పు రేకులు. అక్కడివాళ్ళ పాస్‌పోర్ట్ న్యూజీలాండ్‌దే, వాడే డబ్బూ న్యూజీలాండ్‌దే. ఇంకేముంది, లోకల్ సరుకే కదా అని జీఎస్టీ కలిపి బిల్లు కొట్టేశాను. (అవును, ఇక్కడా జీఎస్టీయే. పేరు కూడా అదే.) సాయంత్రానికి కాగితాలు తిరిగొచ్చాయి. మా సీనియర్ గమ్యస్థానం గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘ఎగుమతి’ అని ఒక్క మాట రాశాడు.

న్యూజీలాండ్ కస్టమ్స్ లెక్కలో నియువే బయటి దేశం. ఇక్కణ్ణుంచి వెళ్ళే సరుకు ఎగుమతి కిందికి వస్తుంది. అక్కడ దిగాక సుంకం వేసుకునేది వాళ్ళు. విమానం ఎక్కాలన్నా ఆక్లండ్ అంతర్జాతీయ టెర్మినల్‌కే వెళ్ళాలి, పాస్‌పోర్ట్ చూపించాలి. మూడున్నర గంటల ప్రయాణం. మంగళవారం పొద్దున ఎక్కితే సోమవారం మధ్యాహ్నం దిగుతారు, ఎందుకంటే మధ్యలో తేదీ రేఖ ఉంది. సరుకు దిగడం ఇంకా చూడముచ్చట. అలోఫి రాజధానే గానీ పెద్ద ఓడ ఆనుకునే రేవు కాదు. ఓడ సముద్రంలోనే ఆగుతుంది. చిన్న బార్జి వెళ్ళి సరుకు ఎక్కించుకుని వస్తే, గట్టు మీదున్న క్రేన్ దాన్ని పైకి లాగుతుంది. అలలు ఎక్కువైతే ఆ రోజుకి పని బంద్. బియ్యం కోసం చూస్తున్నవాళ్ళు చూస్తూనే ఉంటారు.

ఇక పేరు. వాళ్ళు ని, ఉ, ఏ అని మూడు అచ్చులూ విడివిడిగా వినిపించేలా పలుకుతారు. ఇంగ్లిష్ వాళ్ళ నోట్లో అది ‘న్యూ ఏ’ అవుతుంది. మన పత్రికల్లో ‘నియూ’ అని చూశాను, ‘న్యూ’ అని కూడా చూశాను. ఆ రెండోది మాత్రం దయచేసి వద్దు, కొత్త ఏదో అనుకుంటారు. ఇ తర్వాత అచ్చు వస్తే మధ్యలో య, ఉ తర్వాత వస్తే వ తెచ్చుకోవడం మన నోటికి అలవాటు. కాబట్టి తెలుగులో ‘నియువే’ అని రాయడమే సబబని నా అభిప్రాయం. నా దగ్గరికి వచ్చే నియువే పెద్దాయన ఒకాయన నేను అలా పలికితే తల ఊపాడు. ‘న్యూ’ అన్న రోజుల్లో ఊపేవాడు కాదు.

అర్థం చెబితే కోనసీమ వాళ్ళు నవ్వుకుంటారు. ‘నియు’ అంటే కొబ్బరి. చివరి ‘ఏ’ పిలుపు లాంటిది, ‘అదిగో!’ అన్నట్టు. మొత్తం కలిపితే ‘అదిగో, కొబ్బరి!’ సముద్రంలో రోజుల తరబడి తెడ్డు వేసుకుంటూ వచ్చినవాళ్ళు ఒడ్డున ఆ చెట్టు చూసి అలా అరిచి ఉంటారని అక్కడ చెప్పుకుంటారు. ఈ ‘నియు’ కుటుంబానికి చెందిన మాటలు మలయ్ నుంచి పాలినీషియా దాకా ఉన్నాయి. మన నారికేళంలోని మొదటి ముక్కను కూడా ఆ వంశానికే కలిపే భాషావేత్తలు కొందరున్నారు. అది నిజమో కాదో తేల్చడం నా పని కాదు గానీ, ఆ ఊహ వినగానే ఆ దీవి నాకు కాస్త చుట్టమైపోయింది.

‘నియువే’ కంటే పాత పేర్లూ ఉన్నాయి. వాటిలో ‘నుకుతుతహ’ ఒకటి. ఒంటరిగా నిలబడ్డ నేల అని అర్థం. పటం చూస్తే ఎందుకో తెలుస్తుంది. టోంగా, సమోవా, కుక్ ద్వీపాలు మూడు మూలల్లో ఉంటే నడుమ ఇదొక్కటే. మిగతా చోట్ల ద్వీపాలు గుంపుగా ఉంటాయి, దీనికి తోబుట్టువులు లేరు. దాదాపు 260 చదరపు కిలోమీటర్ల పగడపు రాయి సముద్రంలోంచి పైకి లేచి నిలబడింది. ఒక్క నది లేదు. ఇసుక తీరాలు కూడా పెద్దగా లేవు, చుట్టూ కొండ అంచులే.

మీ పాత పటంలోని ‘శావేజ్ ఐలాండ్’ ఇంగ్లిష్ నావికుడు జేమ్స్ కుక్ పెట్టిన పేరు. ఆటవికుల దీవి అని. 1774 జూన్‌లో ఆయన ఓడ అక్కడికి వచ్చింది. మూడు సార్లు ఒడ్డుకు చేరాలని చూస్తే స్థానికులు రాళ్ళతో, బల్లేలతో తరిమారు. ఆ కోపంలో ఆ పేరు పెట్టి వెళ్ళిపోయాడు. పక్కనున్న టోంగాలో మర్యాదలు బాగా జరిగాయి కాబట్టి దానికి ‘ఫ్రెండ్లీ ఐలాండ్స్’ అని పెట్టాడు. అంటే అతిథికి భోజనం పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి పటంలో పేర్లు! నియువేలో ఇంకో కథ కూడా చెబుతారు. అక్కడి మగవాళ్ళ పెదాలు, పళ్ళు ఎర్రగా ఉండటం చూసి కుక్ మనుషులు రక్తమనుకున్నారట. నిజానికి అది ఒక రకం ఎర్ర అరటిపండు రంగు. తాంబూలం నమిలే మా తాతగారిని చూసి ఉంటే కుక్ మా ఊరికి ఏం పేరు పెట్టేవాడో!

ఆ తరిమికొట్టడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. బయటి మనుషులతో పాటు రోగాలు దిగుతాయని వాళ్ళకు భయం. తర్వాత జరిగింది చూస్తే ఆ భయం తక్కువే అనిపిస్తుంది. 1863లో పెరూ నుంచి బానిసల వేటగాళ్ళ ఓడలు వచ్చి అక్కడి మనుషుల్ని ఎత్తుకుపోయాయి. మతం మాత్రం బయటివాడు కాక సొంత మనిషి తెచ్చాడు. సమోవాలో క్రైస్తవం నేర్చుకున్న నుకాయి పెనియామినా అనే నియువే యువకుడు 1846లో తిరిగొచ్చి ముతలావు ఊళ్ళో మొదలుపెట్టాడు.

రాజకీయ హోదాకి వస్తే, కథ అక్కడి రాజుల ఉత్తరాలతో మొదలవుతుంది. చుట్టూ జర్మనీ, ఫ్రాన్స్ దీవుల్ని మింగేస్తున్న రోజులవి. ఎవరో ఒకరు ఎలాగూ వస్తారు, వచ్చేవాడు మనం ఎంచుకున్నవాడైతే మేలు అనుకున్నాడు ఫతాయికి రాజు. 1887లో విక్టోరియా రాణికి రక్షణ కోరుతూ రాశాడు. బ్రిటన్ తీరిగ్గా ఆలోచించి 1900లో రక్షిత రాజ్యంగా తీసుకుంది. మరుసటి ఏడాదే, 1901లో, దాన్ని న్యూజీలాండ్‌లో కలిపేశారు. పైగా కుక్ ద్వీపాల లెక్కలో చేర్చారు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న, భాష వేరైన వాళ్ళ కింద మేమెందుకు ఉండాలని నియువేలో గొడవ రేగింది. కొద్ది కాలంలోనే దానికి వేరే పాలనాధికారిని, వేరే ద్వీప మండలిని ఇవ్వక తప్పలేదు. నా ఉద్దేశంలో వాళ్ళ హోదా చరిత్రలో మొదటి గెలుపు అదే. ఇవాళ కుక్ ద్వీపాలు ఒక దేశంగా, నియువే ఇంకో దేశంగా ఉండటానికి పునాది ఆ గొడవలోనే పడింది. మీకు తపాలా బిళ్ళల పిచ్చి కూడా ఉంటే, 1902 నాటి న్యూజీలాండ్ బిళ్ళల మీద ‘నియువే’ అని అడ్డంగా అచ్చు గుద్దినవి దొరుకుతాయి.

1960 నాటికి వలస రాజ్యాల్ని వదిలెయ్యమని ఐక్యరాజ్యసమితి ఒత్తిడి పెరిగింది. ఆ ఏడాది చేసిన 1541వ తీర్మానం మూడు దారులు చెప్పింది. పూర్తి స్వాతంత్ర్యం ఒకటి. ఇంకో దేశంలో సమానంగా కలిసిపోవడం రెండోది. ఈ రెండిటి మధ్య ‘స్వేచ్ఛా అనుబంధం’ అని మూడోది. కుక్ ద్వీపాలు 1965లో ఈ మూడో దారి పట్టాయి. నియువేని కూడా రమ్మన్నారు. వీళ్ళు ‘తొందరేముంది, ఆగండి’ అన్నారు! ఇది వినగానే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. స్వపరిపాలన ఇస్తామంటే ఎవరైనా వద్దంటారా?

వాళ్ళ లెక్క వాళ్ళకుంది. అయిదు వేల మంది జనం. తుఫాను వస్తే పంట మొత్తం పోతుంది. పిల్లల పై చదువులు, పెద్ద ఆపరేషన్లు, ఉద్యోగాలు అన్నీ ఆక్లండ్‌లోనే. జెండా చేతికొచ్చి పాస్‌పోర్ట్ చేజారితే లాభమా, నష్టమా? అందుకే దాదాపు పదేళ్ళు తీసుకుని, ఒక్కో అధికారాన్ని కొద్దికొద్దిగా చేతికి తెచ్చుకుని, ముఖ్యమైన హామీలు కాగితం మీద రాయించుకున్నాకే 1974 సెప్టెంబరు 3న ఓటింగ్ పెట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు వచ్చి చూశారు. మూడింట రెండొంతుల దాకా ఔనన్నారు. 1974 అక్టోబరు 19న స్వపరిపాలన మొదలైంది. రాబర్ట్ రెక్స్ మొదటి ప్రీమియర్, అంటే ప్రభుత్వాధినేత. 1992లో చనిపోయేదాకా ఆయనే.

(కుక్‌ను తరిమిన సరిగ్గా 200 ఏళ్ళకి ఇది జరిగింది. ఎవరూ అలా కావాలని పెట్టుకోలేదు గానీ, లెక్క భలే కుదిరింది.)

ఇప్పుడు అసలు మెలిక. ఉమ్మడి కుటుంబంలో ఒక కొడుకు వేరు పొయ్యి పెట్టుకుంటాడు చూడండి, పెరడు కలిసే ఉంటుంది, ఇంటిపేరు అదే, పెళ్ళిళ్ళకీ చావులకీ అందరూ ఒకటే. కానీ వాళ్ళింట్లో ఇవాళ ఏం కూర వండాలో పెద్దాయన చెప్పడానికి లేదు. నియువే, న్యూజీలాండ్‌ల సంబంధం దగ్గరదగ్గర అదే.

కూర ఎవరు నిర్ణయిస్తారో చూద్దాం. నియువే శాసనసభలో 20 మంది. పద్నాలుగు ఊళ్ళకి ఊరికొకరు, మిగతా ఆరుగురిని దీవి మొత్తం కలిసి ఎన్నుకుంటుంది. ఉన్న జనం ఇప్పుడు 1,700కు అటూ ఇటూగా. హైదరాబాద్‌లో ఒక మోస్తరు గేటెడ్ కమ్యూనిటీకి సరిపోయే సంఖ్య అది. ఎనభై తొంభై మందికో సభ్యుడు. మీ ఎమ్మెల్యే మీ పెదనాన్న కాకపోతే పిన్నిగారి అల్లుడై ఉంటాడన్నమాట. ప్రభుత్వాధినేతని మొన్నటిదాకా ప్రీమియర్ అనేవారు. 2024లో జనం ఓటు వేసి ఆ పేరును ప్రధానమంత్రిగా మార్చుకున్నారు. పన్నులు, భూమి, బడి, పోలీసు, వలస నిబంధనలు అన్నీ ఈ సభ చేతిలోవే.

ఒక చిన్న సంగతి నాకు బాగా నచ్చింది. చార్లెస్ రాజు న్యూజీలాండ్ రాజు హోదాలో నియువేకీ దేశాధినేత. అయినా నియువే సభ చేసిన బిల్లు చట్టం కావడానికి ఆయన సంతకం గానీ, న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో రాజు ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ సంతకం గానీ అక్కర్లేదు. వాళ్ళ సభ స్పీకర్ సంతకం చేసి ముద్ర వేస్తే చాలు. న్యూజీలాండ్ పార్లమెంటు చేసిన చట్టమైతే, నియువే సభ అడిగి ఒప్పుకుంటే తప్ప అక్కడ చెల్లదు. మన రాష్ట్రాలకు లేని వెసులుబాటు ఇది. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు గవర్నర్ బల్ల మీద నెలల తరబడి నానడం మనకు అలవాటే కదా. అందుకే ‘నియువే న్యూజీలాండ్‌లో ఒక రాష్ట్రం లాంటిది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాష్ట్రం కంటే చాలా ఎక్కువ.

మరి ఉమ్మడిగా ఉన్నవేవి? రాజు ఒకటి. రక్షణ, విదేశీ వ్యవహారాలు న్యూజీలాండ్ బాధ్యత. ఇక్కడ ‘బాధ్యత’ అన్న మాట పట్టుకోండి. అది పెత్తనం కాదు, నియువే తరఫున చెయ్యాల్సిన పని. అవసరమైన ఆర్థిక, పాలనా సాయం చెయ్యడం న్యూజీలాండ్ నిరంతర బాధ్యత అని 1974 చట్టంలోనే రాసుకున్నారు. 2004 జనవరిలో హెటా తుఫాను వచ్చి అలోఫి తీరాన్ని ఊడ్చేసినప్పుడు, ఆసుపత్రి కూడా కొట్టుకుపోయినప్పుడు, ఆ వాక్యానికి విలువ తెలిసింది. నేను అప్పటికి కొత్త. ఆ నెలలో మా దగ్గర్నుంచి పోయిన సరుకు రేకులు, మేకులు, టార్పాలిన్లు.

అన్నిటికంటే గట్టి ముడి పౌరసత్వం. నియువేలో పుట్టినవాడు న్యూజీలాండ్ పౌరుడే. విడిగా నియువే పౌరసత్వం లేదు, నియువే పాస్‌పోర్ట్ లేదు. రేపు ఆక్లండ్ వచ్చి ఉద్యోగంలో చేరిపోవచ్చు, వీసా మాట లేదు. కానీ అటునుంచి ఇటు ఉన్నంత సులువు ఇటునుంచి అటు లేదు! న్యూజీలాండ్ పౌరుడినైన నేను అక్కడికి వెళ్ళి స్థిరపడిపోతానంటే కుదరదు. వాళ్ళ ప్రభుత్వం అనుమతి కావాలి. భూమి కొంటానంటే అసలే కుదరదు. నేల అంతా వంశాల పేర ఉంటుంది, కౌలుకు దొరికితే అదృష్టం. తలుపు ఒకవైపుకే తెరుచుకునేలా పెట్టించుకున్నారు. మహా తెలివైనవాళ్ళు అని నేను అనేది ఇందుకే.

ఆ తెరిచిన తలుపుకి ఖర్చు కూడా ఉంది. 1966లో అయిదు వేలు దాటిన జనం, 1970ల మొదట్లో విమానాశ్రయం వచ్చాక కరిగిపోతూ వచ్చారు. ఇవాళ న్యూజీలాండ్‌లో తమని నియువే వాళ్ళుగా రాయించుకునేవాళ్ళు 30 వేల పైనే. దీవిలో మనుషుల కంటే ఇక్కడి చర్చి హాళ్ళలో కనపడే మనుషులు ఎక్కువ. దీవి అంతా తిరిగివచ్చిన ఒక డ్రైవర్ నాకు చెప్పాడు: రోడ్డు పక్కన వరసగా తలుపులు మూసిన ఇళ్ళు, వాకిట్లో మాత్రం శుభ్రంగా సున్నం కొట్టిన సమాధులు. ఇంటివాళ్ళు ఆక్లండ్‌లో, తాతలు వాకిట్లో.

యానాం పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇంకో పోలిక తోస్తుంది. చుట్టూ ఆంధ్ర, పాలన పుదుచ్చేరిది, దాని వెనక ఫ్రెంచి వాళ్ళ చరిత్ర. 1962లో ఫ్రాన్స్ ఆ ఊళ్ళని చట్టప్రకారం అప్పగించినప్పుడు, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవచ్చని గడువు పెట్టారు. అది ఎంచుకున్న కుటుంబాలు పుదుచ్చేరిలో ఇప్పటికీ ఉన్నాయి, ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓట్లు వేస్తాయి. కానీ అక్కడ రెండిటిలో ఒకటే. నియువే వాళ్ళు పన్నెండేళ్ళ తర్వాత ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ రెండూ ఉంచుకున్నారు. పాలన మాది, పాస్‌పోర్టూ మాదే.

ఇలా అన్నీ ఒప్పందం మీద నడుస్తున్నాయి కదా, తెంచుకోవాలంటే? తెంచుకోవచ్చు. సభలో మూడింట రెండొంతుల మంది, తర్వాత జనం ఓటింగ్‌లో మూడింట రెండొంతులు ఔననాలి. వెల్లింగ్టన్ అనుమతి అడగక్కర్లేదు. ఒక వలసకీ దీనికీ తేడా నాకు కనపడేది ఇక్కడే. బయటికి పోయే తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉంది, వాడాలని మాత్రం ఇప్పటిదాకా అనిపించలేదు. ఐక్యరాజ్యసమితి కూడా 1974 డిసెంబరులో ఇది చూసి, నియువే ఇక వలస కాదని ఒప్పుకుంది. పోల్చడానికి తొకెలావు అనే మూడు చిన్న పగడపు దీవులున్నాయి. అవి న్యూజీలాండ్‌వే. ఇదే రకం హోదా కోసం 2006లో, 2007లో రెండుసార్లు ఓటింగ్ పెట్టాయి. రెండుసార్లూ మెజారిటీ వచ్చింది గానీ మూడింట రెండొంతులు రాలేదు. రెండోసారి పదహారు ఓట్లు తక్కువ పడ్డాయి! అందుకని తొకెలావు ఇప్పటికీ వలసల జాబితాలోనే ఉంది. నాణేల వాళ్ళు ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు, మీరు కట్టకండి.

ఇంకా మిగిలింది ‘దేశం’ అన్న మాట. ఎవరు ఒప్పుకుంటే దేశం? ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం లేదు, నిజమే. కానీ దాని అనుబంధ సంస్థలైన యునెస్కోలో 1993 నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థలో 1994 నుంచి నియువే పూర్తి సభ్యురాలు. అంతర్జాతీయ ఒప్పందాలు సొంతంగా చేసుకునే సత్తా దీనికి ఉందని సమితి కార్యాలయం 1994లోనే ఒప్పుకుంది. పారిస్ వాతావరణ ఒప్పందంపై సొంత సంతకమే. చైనా 2007లో, మన భారతదేశం 2012లో, జపాన్ 2015లో దౌత్య సంబంధాలకు ముందుకొచ్చాయి. పసిఫిక్ దేశాలతో భారత్ జరిపే శిఖరాగ్ర సమావేశాల్లో పద్నాలుగు దేశాల కుర్చీల్లో నియువేది ఒకటి. అమెరికా బాగా ఆలస్యంగా, 2023 సెప్టెంబరులో, నియువేని స్వతంత్ర సార్వభౌమ దేశంగా గుర్తించింది. ఆ వార్త చూసి మా ఆఫీసులో ఒక నియువే అమ్మాయి నవ్వింది, “ఇన్నాళ్ళూ మేమెక్కడున్నాం అనుకున్నారో” అని.

అంటే మీరు చదివిన రెండు మాటల్లో ఏది తప్పు? ‘న్యూజీలాండ్‌కు చెందిన ద్వీపం’ అన్నది తప్పు. న్యూజీలాండ్ రాజు కింద ఉన్న ప్రాంతాలన్నిటికీ కలిపి ‘న్యూజీలాండ్ రాజ్యం’ అని విడిగా ఒక మాట ఉంది. అందులో న్యూజీలాండ్, కుక్ ద్వీపాలు, నియువే, తొకెలావు, అంటార్కిటికాలో ఒక ముక్క ఉన్నాయి. నియువే ఆ రాజ్యంలో ఉంది, న్యూజీలాండ్ అనే దేశంలో లేదు. ‘స్వతంత్ర దేశం’ అన్నది తప్పని అనను గానీ, ఆ మాట వాడగానే ఎదుటివాళ్ళు సొంత పాస్‌పోర్ట్, సమితిలో కుర్చీ ఊహించుకుంటారు, ఆ రెండూ లేవు. ఈ గీత ఎక్కడుందో 2024 చివర్లో కుక్ ద్వీపాలు తడిమి చూశాయి. మాకు సొంత పాస్‌పోర్ట్ కావాలని వాళ్ళ ప్రధాని ప్రతిపాదిస్తే, అలాగైతే పూర్తి స్వాతంత్ర్యం తీసుకోండి, రెండూ కుదరవు అని న్యూజీలాండ్ తెగేసి చెప్పింది. ఆ ప్రతిపాదన అటకెక్కింది. నియువే ఆ గొడవలోకి దిగలేదు.

ఈ హోదాని మాటల్లో కంటే వాళ్ళ జెండాలో చూడటం సులువు. 1975లో పెట్టుకున్నారు. జెండా అంతా పసుపు, అది నియువే ఎండకీ, న్యూజీలాండ్ మీద వెచ్చని అభిమానానికీ గుర్తట. మూలన బ్రిటిష్ జెండా. దాని మీద నాలుగు చిన్న చుక్కలు, నడుమ నీలం వలయంలో ఒక పెద్ద చుక్క. ఆ నీలం సముద్రం, ఆ చుక్క దాని నడుమ ఒంటరిగా నిలబడి తన్ను తాను ఏలుకునే నియువే. నుకుతుతహ అన్న పాత పేరు మళ్ళీ గుడ్డ మీదికి వచ్చింది.

సరే, నాణెం. దాని మీద సింహం ఉందన్నారు కాబట్టి అది బహుశా ‘చెక్ సింహం’ అయి ఉండొచ్చు. చెక్ మింట్ అనే ప్రైవేటు టంకశాల దాన్ని చెక్ దేశంలోని యాబ్లొనెట్స్ పట్టణంలో 2017 నుంచి కొడుతోంది. ఆ టంకశాల తన దేశం పేరు మీద తనంతట తాను నాణెం కొట్టలేదు. కానీ చట్టబద్ధమైన నాణెం అనిపించుకోవాలంటే ఏదో ఒక దేశం ముఖవిలువ వెయ్యాలి. నియువే లైసెన్సు ఇస్తుంది, రుసుం తీసుకుంటుంది. స్టార్ వార్స్ బొమ్మలతో, డిస్నీ బొమ్మలతో వచ్చే నాణేల వెనక కూడా ఇదే ఏర్పాటు. ఆ 2 డాలర్లు అలోఫిలో చట్టప్రకారం చెల్లుతాయి, ఆక్లండ్‌లో చెల్లవు. వెండి విలువే దానికి ఎన్నో రెట్లు, కాబట్టి ఎవరూ దాంతో కొబ్బరికాయ కొనరు. అక్కడ అంగట్లో తిరిగేది మామూలు న్యూజీలాండ్ నోట్లే. దేశమనే హోదా ఉండటం వల్ల చేతికొచ్చే చిన్న ఆదాయం ఇది.

ఇలాంటి ఆదాయం ఒకటి చేజారింది కూడా. ఇంటర్నెట్‌లో నియువే చిరునామా చివర ‘డాట్ ఎన్‌యూ’. స్వీడిష్‌లో ‘ను’ అంటే ‘ఇప్పుడు’. దాంతో ఆ చిరునామాలు స్వీడన్‌లో తెగ అమ్ముడయ్యాయి. మొదట ఒక అమెరికన్ నడిపాడు, 2013 నుంచి స్వీడన్ సంస్థ ఒకటి నడుపుతోంది. మా పేరు మీద వ్యాపారం జరుగుతోంది, మాకు దక్కాల్సింది దక్కలేదని నియువే ప్రభుత్వం స్వీడన్ కోర్టు మెట్లెక్కింది. కుక్ పెట్టిన పేరు వదిలించుకోవడానికి శతాబ్దం పైనే పట్టింది, సొంత పేరులో రెండక్షరాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో.

మీ ఆల్బంలో ఇలా రాసుకోండి. దేశం: నియువే. హోదా: న్యూజీలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో ఉన్న స్వపరిపాలన దేశం, 1974 నుంచి. ముఖవిలువ: 2 న్యూజీలాండ్ డాలర్లు. ముద్రణ (అది చెక్ సింహమే అయితే): చెక్ మింట్, యాబ్లొనెట్స్. న్యూజీలాండ్ పేజీలో మాత్రం పెట్టకండి, మా సీనియర్ చూస్తే ఎర్ర పెన్ను తీస్తాడు. పక్కన ‘ని, ఉ, ఏ’ అని పలుకుబడి కూడా రాసుకుని, ఖాళీ ఉంటే ఒక కొబ్బరిచెట్టు బొమ్మ వేసుకోండి.